కిష్టమ్మ ఎత్తిన చేయి

పుప్పాలగూడ,
3 ఆగస్టు 2025

అక్కకు తమ్ముడు లింగయ్య వందనాలు.

నా రాత చూసి నవ్వకు. వేళ్లు సరిగా వంగడం లేదు, అందుకే గీతలు పక్కకు పోతున్నాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నువ్వు బెత్తం పట్టుకుని నేర్పినా నాకు రాలేదు, ఇప్పుడేం వస్తుంది. తప్పులు దిద్దుకుని చదువు. ఫోన్‌లో చెబుదామంటే నీకు వినపడదు, నాకు ఫోన్‌లో మాట రాదు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఒకటే వాన. అపార్ట్‌మెంట్ కింద సెల్లార్‌లో మా వాచ్‌మన్ గదికి చెమ్మ దిగింది. నీ మరదలు కిష్టమ్మకు బాగాలేదు. కిడ్నీలు చెడిపోయాయని సర్కారు దవాఖానలో చెప్పారు. మిషన్ మీద పడుకోబెట్టి రక్తం కడుగుతున్నారు. కడిగిన రోజు మనిషి లేవదు. తెల్లారితే మళ్లీ మెట్లు ఊడవడానికి చీపురు పట్టుకుంటుంది.

అసలు సంగతి రాస్తాను. మా రేకుల షెడ్డు చర్చి నీకు తెలుసు. తాపీ పనివాళ్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు, డ్రైవర్లు, అంతా మనలాంటి వాళ్లమే. పోయిన నెల మా సంఘంలో భవాని అనే పిల్ల చనిపోయింది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో బాత్రూములు కడిగేది. పాస్టర్ భాస్కర్, ఇంకొందరం కలిసి ట్రాలీ ఆటోలో పెట్టుకుని సమాధుల జాగా కోసం తిరిగాం. ఒక చోట మా చర్చి మెంబర్లకే అన్నారు. ఒక చోట గేటుకు తాళం. ఇంకో చోట జాగా కేసులో ఉందన్నారు. పైన టార్పాలిన్ కప్పాం కానీ నీళ్లు ఆగలేదు. చీకటి పడేదాకా తిప్పి చివరికి ఆమె అత్తగారి ఊరికి పంపించాం. భాస్కర్ రోడ్డు మీద నిలబడి ఏడ్చాడు. ఇంటికి వచ్చి చెబితే కిష్టమ్మ ఒకటే అడిగింది.

"నన్ను గూడ గట్లనే ట్రాలీల తిప్పుతవా?"

నేను తడిసిన చొక్కా విప్పి దండెం మీద వేశాను.

ఇప్పుడు ఎలక్షన్లో నిలబడాలని చూస్తున్న ఒక పెద్దమనిషి, గుట్ట వెనక మా సంఘానికి సమాధుల జాగా ఇస్తానంటున్నాడు. దానికి బదులు ఒక ఆదివారం ఆరాధనలో వేదిక ఎక్కి మాట్లాడతాడట. సంఘమంతా ఆయన వెంట ఉన్నట్టు మేము తీర్మానం చేసి ఇవ్వాలట. వచ్చే నెల సంఘ కూడికలో చేతులెత్తమంటారు.

నాకు మనసొప్పడం లేదు. ఎందుకో చెప్పమంటే రాదు. భవానిని అట్లా చూశాక వద్దనడానికి నోరూ రాదు. నువ్వు ఊరూరూ తిరిగి వాక్యం చెప్పినదానివి. మన బాప్టిస్టు పెద్దలైతే ఏమనేవారో రాయి.

నీ తమ్ముడు
లింగయ్య

వదినకు వందనాలు చెప్పమని కిష్టమ్మ అన్నది.


దేవరకొండ దగ్గర, మన ఇల్లు
19 ఆగస్టు 2025

తమ్ముడు లింగయ్యను ప్రభువు కాచుగాక. సువార్తమ్మ రాయునది.

నీ ఉత్తరం అందింది. దిద్దుతూ చదివేసరికి ఎర్ర పెన్ను అయిపోయింది. ఈ వయసులో కొత్త పెన్ను కొనిపించావు.

ఒరే లింగా, దీనికి పెద్దలెందుకురా, మన ఇంట్లో జరిగింది మరిచావా? ఓట్లప్పుడు పటేలు మన చర్చికి వచ్చి రెండు మాటలు చెప్పిపోతానన్నాడు. మనకు కూలి ఇచ్చేది ఆయనే. నాయిన చాప పరిచి, "కూసోండ్రి పటేలా, ఇనుండ్రి. చెప్పుడైతే మాత్రం బైట గద్దె మీద చెప్పుకోండ్రి" అన్నాడు. పటేలు కూర్చోలేదు, పోయాడు. ఆ ఏడు మనకు ఊరిలో పని లేదు. మనం జొన్న గట్క తాగి బతికిన రోజులు నీకు గుర్తుండవు, నువ్వు చంకలో ఉన్నావు. నాకు గుర్తున్నాయి.

మనం బాప్టిస్టులం. పుట్టిన పిల్లకు నీళ్లు చల్లి ఇది మా మనిషి అనుకోము. తెలివి వచ్చాక తానే వచ్చి అడిగితే తప్ప నీళ్లలోకి దించము. నమ్మకం ఎవరికి వారు ఎంచుకోవలసిందని కదా. అట్లాంటి చోటికి ఏలేవాడు వచ్చి పెత్తనం చేయకూడదు, మనం పోయి ఏలేవాడి పల్లకి మోయకూడదు. మనకే కాదు, ఏ దేవుణ్ణి నమ్మేవాడికైనా, నమ్మని వాడికైనా ఇదే న్యాయం. మిషన్ దొరసాని బళ్లో మాకు నేర్పింది ఇది. నువ్వు వద్దని చేయెత్తు. ఒక్కడివైనా ఎత్తు.

చచ్చినవాళ్లకు ఏ మన్నైతేనేం, ప్రభువు ఎక్కడినుంచైనా లేపుతాడు. కిష్టమ్మతో ఇట్లా చెప్పు. కిడ్నీలో రాళ్లకు ఉలవకట్టు మించింది లేదు. పొద్దున్నే పరగడుపున తాగించు, కరిగిపోతాయి.

ఇంకొకటి. మన ఊరి శివ కారు కిరాయికి మీ గేటు దాకా వచ్చాడట. నా చెవిలో నోరు పెట్టి అరిచాడు. "అవ్వా, లింగయ్య తాత పొద్దుగాల్నే గుడి తలుపు తీస్తుండు." నేను వాణ్ణి తిట్టాను. కానీ రాత్రంతా అదే ఆలోచన. దీపం కూడా పెడుతున్నావా? జీతానికి అంతదాకా వచ్చావా? దాచకుండా రాయి.

నీ మేలు కోరే అక్క
సువార్తమ్మ


పుప్పాలగూడ,
15 సెప్టెంబరు 2025

అక్కకు వందనాలు.

ముందు గుడి సంగతి. అపార్ట్‌మెంట్ మూలకు చిన్న వినాయకుడి గుడి ఉంది. పూజారి ప్రగతి నగర్ నుంచి రావాలి, ఆలస్యమవుతుంది. తాళంచెవి గేటు దగ్గర నాకు ఇచ్చారు. పొద్దున తలుపు తీస్తాను, రాత్రి మూస్తాను. అంతే. ఒక రోజు పూజారి రాలేదు. అసోసియేషన్ ప్రెసిడెంట్ పార్థసారథి సారు, కడప ఆయన, గేటు దగ్గరికి వచ్చి "లింగయ్యా, ఆ దీపం రోంత ముట్టించుపో" అన్నాడు. "నేను పెట్టను సార్, మా దాంట్ల లేదు" అన్నాను. ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఆయన "అవునబ్బా, నేనే మర్చిపోతి" అని చెప్పులు విడిచి తానే ముట్టించాడు.

వాళ్ల తలుపు వాళ్ల కోసం తీస్తున్నాను. మన చర్చి ముందునుంచి బోనాలు పోతుంటే డప్పులు ఆపించాలని పిల్లలు ఎగిరితే, నాయిన పోయి బాటలో రాళ్లు ఏరి పక్కన వేశాడని నువ్వే చెప్పావు. నేను చేసేది అంతకంటే ఎక్కువ కాదు.

కిష్టమ్మవి రాళ్లు కావు. ఉలవకట్టు పోయొద్దని డాక్టరమ్మ అన్నది.

నిన్న ఆరాధన అయ్యాక చేతులెత్తించారు. ముందు భాస్కర్ మాట్లాడాడు. "భవానిని మీరందరు చూసిండ్రు. ఇంకో మనిషిని వానల తిప్పే శక్తి నాకు లేదు. వద్దనేటోళ్లు జాగ చూపెట్టుండ్రి, నేను గమ్మున ఊకుంట" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు అక్కా. నా దగ్గర చూపించడానికి జాగా లేదు.

కావాలనేవాళ్లు ఎత్తండి అన్నారు. షెడ్డు నిండా చేతులు. నేను ఆడవాళ్ల వైపు చూశాను. కిష్టమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. చేయి ఎత్తింది. సూదులు గుచ్చే చేయి, పట్టీ కట్టి ఉంది. ఆ చేత్తో బరువు ఎత్తొద్దని దవాఖానలో చెప్పారు. లెక్కపెట్టడం అయ్యేదాకా అట్లాగే పట్టుకుంది. నా వైపు చూడలేదు.

వద్దనేవాళ్లు ఎత్తండి అన్నారు. నేను ఎత్తాను. వెనక ఎవరో "ముసలాయనకు నిద్రల సోయి లేదు, దించుమనుండ్రి" అన్నారు. నవ్వారు. భాస్కర్ నవ్వలేదు. "ఎందుకో చెప్పు తాతా" అన్నాడు. అందరూ నా దిక్కు తిరిగారు. "మా నాయినైతే ఒప్పుకునేటోడు కాదు" అన్నాను. నీ ఉత్తరంలోని మాటలన్నీ జేబులోనే ఉన్నాయి.

ఇంటికి వచ్చేటప్పుడు కిష్టమ్మ మధ్యలో రెండుసార్లు కూర్చుంది.

"నా మీద కోపమా?" అన్నది.

"లేదు" అన్నాను.

"నాకైతే నీ మీద ఉన్నది" అన్నది.

నిన్నటినుంచి సంఘంలో ఎవరూ నాతో మాట్లాడడం లేదు. వందనాలు చెబితే తల ఊపి పోతున్నారు.

ఉంటాను.
లింగయ్య


దేవరకొండ దగ్గర
28 సెప్టెంబరు 2025

తమ్ముడా,

గుడి మాట నమ్మాను. శివకు చెప్పాను, నా తమ్ముడు తలుపు తీస్తాడు కానీ దీపం పెట్టడు అని. వాడు "రెండిట్ల ఫరకేందవ్వా" అన్నాడు. వాడికి అర్థం కాదులే.

నువ్వు ఒక్కడివే చేయెత్తావని చదివి మంచం మీదనుంచి లేచి కూర్చున్నాను. నాయిన ఉంటే ఏమనేవాడో తెలియదు కానీ నేను మాత్రం ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

కానీ కిష్టమ్మ చేసిన పని ఏమిటి? మొగుడి చేయి ఒక దిక్కు, పెళ్లాం చేయి ఒక దిక్కు అయితే లోకం నవ్వదా? ఆమెను వెంటబెట్టుకుని పాస్టర్ దగ్గరికి పో. నా చేయి వెనక్కి తీసుకుంటున్నాను అని ఆమె నోటితో చెప్పించు. ఇంటి పెద్దవి నువ్వు. ఆమాత్రం చెప్పలేవా? నీ సిగ్గే నిన్ను చెడగొట్టింది. నోరులేని వాడి చేయి ఎత్తినా ఒకటే, ఎత్తకపోయినా ఒకటే.

రాళ్లు కావంటే మరేమిటో రాయవేం? నువ్వు ఏదీ పూర్తిగా రాయవు. డాక్టర్లు ఉలవలను ఎప్పుడూ వద్దంటారు, వాళ్ల మందులు అమ్ముడుపోవాలి కదా. సమాధి గురించి ఆమెకు ఇప్పటినుంచే ఎందుకు ఆ గోల? మన ఊరి సమాధుల తోటలో నాయిన పక్కన చోటు నాకని గుర్తు రాళ్లు పెట్టుకున్నాను. పోవలసిన ముసలిదాన్ని నేను. ఆమె నాకంటే ఎంత చిన్నది!

చెప్పిన పని చేసి రాయి.

సువార్తమ్మ


పుప్పాలగూడ,
13 అక్టోబరు 2025

అక్కకు వందనాలు.

నువ్వు చెప్పిన పని చేయలేదు. చేయను.

కోపం తెచ్చుకోకు. నా ఈడు వాళ్లందరూ వాగులో బాప్తిస్మం తీసుకున్నారు, నేను గట్టు మీద నిలబడేవాణ్ణి. అందరి ముందు సాక్ష్యం చెప్పాలంటే సిగ్గు. సంఘ పెద్ద కొడుకు ఇట్లా మిగిలిపోయాడని అమ్మ ఏడ్చేది. "నువ్వు పెద్దవి కదా, వాని చెయి పట్టి గుంజుకపో" అని నాయినతో అనేది. నాయిన సంఘంలో పెద్ద అయ్యుండి గుంజలేదు. "వాని కాళ్లతోని వాడే దిగాలె" అన్నాడు. నాకు మీసాలు వచ్చాక నేనే దిగాను. ఆయన నీళ్లలో నాకోసం చూస్తూ నిలబడ్డాడు. నన్ను గుంజని మనిషి కొడుకును నేను. ఆమె చేయి నేనెట్లా దించుతాను.

నిన్న ఆ పెద్దమనిషి వచ్చాడు. సిలువ కనపడకుండా ఫ్లెక్సీ కట్టారు. నేను బయట చెప్పుల దగ్గర కూర్చున్నాను. ఆయన మనిషి ఒకడు, కుమార్ అంటారు, "ఏం తాతా, లోపల ఫ్యాను లేదా, ఈడ కూసున్నవు" అన్నాడు. తలుపులోంచి వేదిక కనపడుతుంది. ఆయన మెడలో కండువా తీసి, తెరిచి ఉన్న వాక్యం పుస్తకం మీద పెట్టి, దాని మీద మోచేయి ఆనించి మాట్లాడాడు. "మీ దేవుడైనా మా దేవుడైనా అందరు మనోళ్లే, ఓటు మాత్రం నాకే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. భాస్కర్ ఆ కండువానే చూస్తున్నాడు. తీయలేదు.

కిష్టమ్మ ఆ కూడికకు రాలేదు. దవాఖానలో ఉంది. ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చింది. రాళ్లు కావు అక్కా. ఆమె కిడ్నీలు పని చేయడం లేదు, ఇక చేయవు. మొదటి ఉత్తరంలోనే రాశాను, నాకు రాయడం చేతకాక నీకు తెలియలేదేమో.

ఆమె నాతో మాట్లాడుతోంది. కోపం పోయిందా అని అడిగితే, "కోపం ఉంటే గంజి తాపిచ్చుకుంటనా" అన్నది.

వీలైతే రా. శివను అడుగు.

లింగయ్య


దేవరకొండ దగ్గర
22 అక్టోబరు 2025

లింగయ్యకు,

నీ ఉత్తరం మొన్న వచ్చింది. అది చదివి సంచిలో రెండు చీరలు పెట్టుకున్నాను. శివను పిలిస్తే వాడు వచ్చి ఏమీ అరవలేదు. ఫోన్ నా కళ్ల ముందు పెట్టాడు.

కిష్టమ్మ చనిపోయింది. సమాధి కూడా అయిపోయింది. నాకు ఫోటోలో తెలిసింది.

వెనక ఆ పెద్దమనిషి బొమ్మతో ఫ్లెక్సీ. అన్న దయతో పేద కిరస్తానీలకు శాశ్వత నివాసం అని రాసి ఉంది, శివ చదివి కాగితం మీద రాసిచ్చాడు. పక్కన కండువా వేసుకున్న మనిషి. ఆ మనిషి పక్కన చేతులు కట్టుకుని, తల వంచుకుని, నువ్వు. మట్టి ఇంకా తడిగానే ఉంది.

ఒంటరిగా ఎత్తిన చేయిని ఇంత తొందరగా కట్టేసుకున్నావా? నాయిన ఒక ఏడాది కాలం గట్క తాగి ఆగాడు. నువ్వు ఒక్క పూట ఆగలేకపోయావు. మన ఊరికి తెస్తే నేను వద్దందునా? నాకని పెట్టుకున్న చోటు ఇవ్వకపోదునా? ఉలవకట్టు అని వాగినదాన్ని, నాకు ఆఖరి చూపు కూడా వద్దనుకున్నావా?

నీ మొదటి ఉత్తరం మళ్లీ తీసి చదివాను. కిడ్నీలు చెడిపోయాయని రాశావు. అక్షరాలు దిద్దాను, మాట చదవలేదు. ఆ తప్పు నాది. కానీ ఆ ఫోటో నీది.

సంచి విప్పేశాను. ఇక నాకు రాయకు.

సువార్తమ్మ


పుప్పాలగూడ,
2 నవంబరు 2025

అక్కకు లింగయ్య వందనాలు.

రాయొద్దన్నావు. రాస్తున్నాను. ఇంత పొడుగు ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు, చివరిదాకా చదువు.

నీకు ఫోన్ చేశాను. ఆమె పోయిన రోజు పొద్దున్నే చేశాను. మీ పక్కింటివాళ్లు ఫోన్ నీ చేతికిచ్చి పత్తి ఏరడానికి పోయారు. కిష్టమ్మ పోయిందక్కా అన్నాను. నాకు వచ్చినంత గట్టిగా అన్నాను. నువ్వు "ఆఁ, బాగున్నం, వానలు తగ్గినయి. ఆమెకు ఉలవకట్టు మానొద్దని చెప్పు" అని పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. శివ బొంబాయి కిరాయికి పోయాడన్నారు. అదీ జరిగింది. నీ మీద తప్పు పెట్టడానికి రాయడం లేదు.

ఊరికి తేవడానికి వీలు కాక కాదు. పార్థసారథి సారు అంబులెన్స్ మాట్లాడాడు. "దేవరకొండకైనా సరే పంపిస్తా, నీ భార్య నీ ఊర్లో ఉండనీ" అన్నాడు. బండి వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవర్ ఎక్కడికని అడిగాడు. నాకు ఊరి పేరు చెప్పాలనే ఉంది. చెబితే నా మాట నిలబడేది, నాయిన మాట నిలబడేది, నీకు ఆఖరి చూపు దక్కేది.

కానీ ముందు రోజు ఆమె నాతో ఒకటి అన్నది. ముఖం మీద గాలి గొట్టం పక్కకు జరిపి అన్నది. "నేను ఎత్తిన చెయి నాదే. నన్ను ఆడనే పెట్టు. నీకు ఇష్టం లేకుంటె నువ్వు లోపలికి రాకు, గేటు కాన్నే ఉండు." నేను సరే అన్నాను.

ఆమె బతికినప్పుడు ఆ చేయి దించమని నీకు కాదన్నాను. పోయాక నేనే దించితే ఏమవుతుంది అక్కా. మాట్లాడలేనిదాన్ని బండిలో ఎక్కించి నా నమ్మకం దిక్కు తీసుకుపోవడం గుంజుకుపోవడమే కదా. అందుకే డ్రైవర్‌కు గుట్ట వెనకకు అని చెప్పాను.

భాస్కర్ ప్రార్థన చేశాడు. సంఘం వాళ్లు వచ్చారు, గొయ్యి తవ్వారు. అంతమంది చేతులు పడితే పని తొందరగా అయింది. నేను గేటు కాడ ఆగలేదు, లోపలికి పోయాను. మట్టి వేయకుండా ఉండలేకపోయాను. ప్రార్థనలో తల వంచుకుని నిలబడితే కుమార్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఫ్లెక్సీ వెనక ఎప్పుడు పట్టారో నేను చూడలేదు. ఫోటో తీస్తున్నారని ఆమెన్ అన్నాక తెలిసింది. అవి మనిషి ముందు కట్టుకున్న చేతులు కావు. నమ్మితే నమ్ము.

భాస్కర్ తర్వాత మా గదికి వచ్చాడు. మంచం పట్టె మీద కూర్చున్నాడు. "ఫోటో తీస్తరని నాకు తెల్వదు తాతా" అన్నాడు. టీ పోశాను. తాగి పోయాడు.

పోయిన ఆదివారం ఆమె దగ్గరికి పోయాను. గేటుకు తాళం ఉంది. తాళంచెవి సంఘం దగ్గర లేదట, కుమార్ దగ్గర ఉందట. ఫోన్ చేస్తే "ఇప్పుడెందుకు తాతా పరేషాన్, ఎలక్షన్లు అయినంక అన్న వచ్చి ఓపెనింగ్ చేస్తడు, అప్పుడు రా" అన్నాడు. గోడ ఎత్తుగా కట్టారు. పైన గాజు పెంకులు. లోపల మట్టి కుంగిందో, కుక్కలు తవ్వాయో తెలియదు. కొంచెంసేపు బయట నిలబడి డ్యూటీకి వచ్చేశాను. ఇవాళ కూడా పోయి వచ్చాను. తాళమే.

పొద్దున గుడి తలుపు తీస్తున్నాను. ఆ పని ఆపలేదు.

ఇక నా సంగతి. నాకు ఆమె పక్కన పడుకోవాలని ఉంది. పెళ్లయిన నాటినుంచి ఒకరిని విడిచి ఒకరం ఉన్నది లేదు. కానీ ఆ జాగా వద్దని చేయెత్తినవాణ్ణి, అందులో నేను ఉండకూడదు. ఆమె ఎంచుకున్నది ఆమెకు చేశాను. నేను ఎంచుకున్నది నాకు చేయడానికి ఇక్కడ ఎవరూ లేరు. సారుకు చెప్పాను, నాకు ఏదైనా అయితే ఆ బండిని ఈసారి దేవరకొండకు పంపమని. "అట్లనే" అన్నాడు.

నాయిన పక్కన నీకని రాళ్లు పెట్టుకున్నావు కదా. ఆ చోటు నాకొద్దు, అది నీదే. నీ కాళ్ల దిక్కున, గోడ వారకు, ఇంకో మనిషికి పడుతుందేమో చూడు. నేను పొట్టివాణ్ణే. పట్టదంటే పట్టదని రాయి, ఏమీ అనుకోను.

నా మీద కోపం ఉంటే ఉండనీ. ఈ ఒక్కదానికి మాత్రం తొందరగా జవాబు రాయి అక్కా.

నీ తమ్ముడు
లింగయ్య